అవ్వ మీద మోపిన వంకర

నిన్న ఎముకల డాక్టరు పదిహేడేళ్ల నా బిడ్డను చేతులు జోడించి ముందుకు వంగమన్నాడు. వంగగానే కుడివైపు వీపు చిన్న గుట్టలా లేచింది. ఆ గుట్టను నేను చిన్నప్పుడే చూశాను. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా?" అని ఆయన హిందీలో అడిగితే, సూరత్‌లో సగం మందితో తగవు పెట్టుకున్న నేను బిడ్డ చున్నీ మడతపెడుతూ కూర్చున్నాను.

మా అక్కకు ఉండేది. అప్పుడు మేం సూరత్ శివార్లలో, ఉన్‌లో ఉండేవాళ్లం, గోడ అవతలే సాంచాల మోత, బట్ట నేసే మరమగ్గాలవి. మా అమ్మను అవ్వ అనేవాళ్లం. కార్ఖానాలో అవ్వ, అక్క పక్కపక్కనే కూర్చుని మగ్గాలకు నూలు కండెలు చుట్టేవాళ్లు. నేను పుస్తకం అడ్డం పెట్టుకుని తప్పించుకునేదాన్ని. పదమూడో ఏట అక్క గబగబా పొడుగైంది, దాంతోపాటే కుడి భుజం పైకి లేచింది. జాకెట్టు ఎడమవైపు జారిపోతుంటే అవ్వ ఎడమ భుజం లోపల గుడ్డపేలికలు మడిచి కుట్టేది. "నాకంటే ఈ భుజానికే ఎక్కువ బట్టలు పెడుతున్నవ్ గదనే అవ్వా" అని అక్క నవ్వేది. డిగ్రీ చదివాక నేను ఇంటికి వకీలునయ్యాను. "పిల్లను కండెల కాడ కూసోబెట్టి నడుం వంచింది నువ్వే" అని నలుగురిలోనూ అనేదాన్ని. "నేను గూడ గాడ్నే కూసున్న గద బిడ్డా, నా నడుం ఎందుకు వంగలే?" అని అవ్వ ఒక్కసారే అడిగింది. "నీది ముదురు ఎముక, దానిది లేతది" అని నోరు మూయించాను. వంకర ముదిరి, ఊపిరాడక అక్క చనిపోయింది. ఆ వారంలోనే అవ్వ తను కూర్చునే పీటను ముక్కలు చేసి పొయ్యిలో పెట్టింది. తర్వాత తనూ ఎన్నాళ్లో బతకలేదు.

నా బిడ్డను మాత్రం కండెల ఛాయలకు రానివ్వలేదు. మంచి కుర్చీ కొన్నాను, ఇక భయం లేదనుకుని దాని వీపు వంక చూడనే లేదు. కుర్తా ఒకవైపు జారుతోందని రెండేళ్లుగా టైలర్‌తోనే పోట్లాడుతున్నాను.

డాక్టరు చెప్పాడు, ఈ వంకర కూర్చుంటే వచ్చేది కాదట. కారణం పూర్తిగా ఎవరికీ తెలియదు గానీ కుటుంబాల్లో దిగివస్తుందట, ఎదిగే వయసులో పెరుగుతుందట. అప్పుడే పట్టుకుంటే నడుముకు పట్టీ వేసి చాలామందిలో ఆపగలరట. "ఈమె ఎదుగుదల ఆగిపోయింది. ఇక ఆపరేషనే" అన్నాడు డాక్టరు.

ఆటోలో బిడ్డ బయటికి చూస్తూ, "మమ్మీ, టైలర్ అంకుల్‌కి సారీ చెప్పాలి కదా?" అంది.

ఆయనకు చెప్పొచ్చు, దుకాణం ఇంకా ఉంది. అవ్వ అడిగినదానికి జవాబు నా చేతికి అందేసరికి అడిగిన మనిషీ లేదు, నా బిడ్డ ఎముకలకు ఎదిగే కాలమూ మిగల్లేదు.