పచ్చ వైరు

వర్తూరులో చెన్నరాయప్పకు కారు లేదు గానీ కారు షెడ్డు ఉంది. నలభై ఏళ్ల కరెంటు పని సరంజామా అంతా అందులోనే. స్క్రూలు, క్లాంపులు సైజులవారీగా ఊరగాయ సీసాల్లో ఉంటాయి. టేపు చుట్టలు దారానికి గుచ్చి ఉంటాయి. వైరు ముక్కలకైతే రంగుకో మేకు. చాదస్తమని భార్య అక్కయమ్మ గొణుగుతుంది. చాదస్తమే అయితే ఎంత బాగుండు! ఆయన్ను పట్టి పీడిస్తున్నది భయం.

ఆరేళ్ల కింద హొసకోటెలో ఒక గోడౌన్‌కు లైను లాగుతుంటే ఎర్ర వైరు అయిపోయింది. అంగడికి పోయి తెచ్చే ఓపిక లేక, పచ్చ వైరులోనే కరెంటు పంపి కొసకు ఎర్ర టేపు చుట్టాడు. పచ్చది ఎర్తు, ముట్టినా ఏమీ కాదని పనివాళ్లందరి నమ్మకం. ఎర్ర టేపు చుడితే ఏ వైరైనా ఎర్రదేనని ఈయన ధీమా. నెల తర్వాత రిపేరుకు మళ్లీ పోయేసరికి రేకుల వేడికి టేపు ఊడిపోయింది. ఈయన ఆ సంగతే మరిచాడు. ఇరవై ఏళ్లుగా వెంట పనిచేస్తున్న జోగయ్య నిచ్చెన మీదినుంచి అడగనే అడిగాడు.

"అన్నా, పచ్చది ముట్టొచ్చు గదా?"

కింద క్లాంపులు ఏరుకుంటున్న చెన్నరాయప్ప తలెత్తకుండానే ముట్టుకోమన్నాడు.

మెయిన్ ఆపకుండా చెయ్యి పెట్టి ప్రాణం పోగొట్టుకున్నాడు, చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నారు జనం. చెన్నరాయప్ప కాదనలేదు. అప్పటినుంచి షెడ్డులో పచ్చ ముక్క చేతికి తగిలినప్పుడల్లా ఆ ప్రశ్న పట్టపగలే పైనుంచి వినపడుతుంది. తలెత్తి చూస్తాడు. రేకులు తప్ప ఏమీ ఉండవు.

మొన్న ఆదివారం జోగయ్య భార్య లక్ష్మీదేవి వచ్చింది. ఇస్త్రీ అంగడి పెట్టుకుని బతుకుతోంది. పెట్టెకు కొత్త పాయింటు లాగించాలి, వైరు కావాలంది. ఆయన ఎర్రది, నల్లది కోసి ఇచ్చాడు. పచ్చ మేకు వైపు చెయ్యి లేవలేదు.

"అదీ ఇయ్యి బావా. అంత పచ్చ వైరు ఉండాది గదా," అంది.

రెండు చాలులే అన్న మాట నోటి దాకా వచ్చింది. ఎర్తు లేని ఇనప పెట్టె పట్టుకుని రోజంతా నిలబడే మనిషిని తలుచుకుని ఆ మాట మింగేశాడు. ఒక ప్రాణం తీసిన తప్పును దాచడానికి ఇంకో ప్రాణం బలిపెట్టడమే కదా ఇది. పీట మీద కూలబడి టేపు సంగతి, జోగయ్య అడిగింది, తను చెప్పింది, అంతా కక్కేశాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండనుకున్నాడు కూడా.

లక్ష్మీదేవి తిట్టలేదు. పచ్చ వైరు తనే తీసుకుని గడప దాకా పోయి ఆగింది.

"గ్యానం లేకుండా చచ్చి నన్ను నడివీదిలో ఇడిసినాడని, ఆరేండ్లుగా పొద్దున లేస్తానే ఆయప్పను తిట్టుకుంటా ఉండాను బావా. పటం గూడా గోడకు తిప్పి పెట్టినా. ఇప్పుడు ఇంటికి పోయి ఆ మొగం ఎట్ల చూసేది?"