కణాలు బెదిరే వేళ

మా ల్యాబులోని పొయ్యి మాస్టారికి మనిషంటే కణాల మూట. ఎవరు ఎదురుపడినా, ముందు వాళ్ల మైటోకాండ్రియా సంగతి తేల్చేవారు.

మైటోకాండ్రియా అంటే కణంలోని పొయ్యిలట. మూలకణం వాటిని సన్నసెగ మీద ఉంచుకుని పడుకుంటుందట. అందుకే రేపు ఏ కణంగానైనా మారగలదు. కష్టమొచ్చి సెగ పెంచిందా, పొగ కమ్ముతుంది. ఆ పొగలో తొందరపడి ఏదో ఒకటైపోతుంది, లేదా చస్తుంది. ఈ ప్రసంగం లిఫ్టు బాగుచేసేవాడు కూడా పూర్తిగా విన్నాడు. డైరెక్టరు కేకలేస్తుంటే, మాస్టారు జాలిగా చూసి సెగ తగ్గించుకోమనేవారు. ఇంట్లో తిట్లు తిని వచ్చిన రోజు, “మా ఆవిడది ఎప్పుడూ పెద్దమంటే” అనేవారు.

కిటికీ లేని ఆ నేలమాళిగలో సీసాలు కడగడం, గ్యాసు సిలిండర్లు చూసుకోవడం నా పని. కాలేజీ గడప తొక్కనివాణ్ని. మూడు నెలలకోసారి పొడిగిస్తే ఉండే ఉద్యోగం.

రోజూ నాలుగయ్యేసరికి మాస్టారు నన్ను గెంటేసేవారు.

“గంటసేపు బయటికి నడవరా. నీ మొహం చూసి కణాలు బెదురుతున్నాయి.”

మెట్ల మీద అరువు పుస్తకం తెరిచి, ఆయన్ని తిట్టుకుంటూ చదివేవాణ్ని.

ఒకరోజు తిరిగొచ్చేసరికి కణాల పెట్టెకు గ్యాసు అయిపోయి అలారం మోగుతోంది. పళ్లేల్లో ఎర్రటి ద్రవం ఊదారంగుకు తిరిగింది. ఆరు నెలల పని. డైరెక్టరు దిగొచ్చి, రేపటినుంచి రావొద్దని నాతో అన్నారు.

పక్కగదిలోంచి మాస్టారు వచ్చారు. మోచేతులదాకా తడి.

“ఇక్కడున్నది నేను, సార్. కుళాయి చప్పుడులో అలారం వినపడలేదు.”

“మీకు కుళాయి దగ్గర పనేంటి?”

ఆయన నేలచూపులు చూశారు. “వీడి సీసాలు కడుగుతున్నాను. రోజుకో గంట చదువుకుంటాడని. వీడింకా సన్నసెగ మీదున్నాడు సార్, ఏదైనా కాగలడు.”

ఏడాదిగా సాయంత్రానికి సీసాలు తరిగిపోతుంటే, అది నా చేతివేగం అనుకున్నాను.

నా ఉద్యోగం నిలిచింది. రిటైరయ్యాక ఆయనకిచ్చిన పొడిగింపు మాత్రం నెలాఖరుతో సరి అన్నారు. కణాల్లో సగానికి పైగా చచ్చాయి. సెగ తగ్గించుకుని పడుకున్నవి కొన్ని మిగిలాయి.

మర్నాడు నాలుగింటికి కణాలు మళ్లీ బెదిరాయి. ఈసారి తిట్టుకోకుండా పుస్తకంతో బయటికి నడిచాను. సీసాలన్నీ పొద్దున్నే కడిగేశాను మరి.

ఐదు నిమిషాలకు మాస్టారు వచ్చి పక్క మెట్టు మీద కూలబడ్డారు.

“లోపల పనేం లేదురా. ఏదీ, ఎంతవరకొచ్చావు?”