సీపీయూకి పట్టు గౌను

ఆ రోజుల్లో ఉక్కునగరం క్వార్టర్లలో ఏ వస్తువూ ఒంటిమీద బట్ట లేకుండా ఉండేది కాదు. స్టీల్ ప్లాంటు వైపు నుంచి గాలి తిరిగితే చాలు, పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాసుకోవచ్చు. అందుకని టీవీకి తెర, మిక్సీకి టోపీ, ఫ్రిజ్ నెత్తిన లేసు గుడ్డ. మా ఇంటికి కంప్యూటర్ వచ్చినప్పుడు అమ్మ తన పాత పట్టుచీర కత్తిరించి సీపీయూకి నిండా గౌను కుట్టింది. మీట నొక్కడానికి ఒక్క కన్నం, అంతే. నడుస్తున్నప్పుడు కూడా తీయనిచ్చేది కాదు. ("నడిచేటప్పుడే కదరా దుమ్ము పీల్చేది!")

నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను. టౌన్‌షిప్ లైబ్రరీలో కంప్యూటర్ సంరక్షణ మీద ఉన్న ఏకైక పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ తీసుకునేవారు కాదు కనుక, ఆ విషయంలో మా సెక్టారుకి నేనే పండితుణ్ణని నా నమ్మకం. ఆ పాండిత్యానికి పరీక్ష మా చెల్లి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో వచ్చింది. సాయంత్రంలోగా కాలేజీల ఆప్షన్లు పెట్టాలి. పెట్టకపోతే కోరుకున్న సీటు పోయినట్టే. తీరా చూస్తే కంప్యూటర్ కాసేపు నడిచి టప్పున ఆరిపోతోంది. నెట్ సెంటర్ దగ్గర చూస్తే వరుస రోడ్డెక్కింది.

"వైరస్," అన్నాను తొణక్కుండా. చెత్త ఫైళ్లు తీసేశాను, స్కాన్ పెట్టాను, డిస్కు సర్దే పని మొదలుపెట్టాను. చేసినకొద్దీ ఇంకా తొందరగా ఆరిపోయింది. (జ్వరమొచ్చినవాణ్ణి పరుగెత్తించే వైద్యం నాది.) చెల్లి కళ్లలో నీళ్లు. "అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను, ఆ పుస్తకం మూసెయ్!" పక్క క్వార్టర్ మావయ్య ఆనందపురం మనిషి, నాన్నతో ఒకే షిఫ్టు. ఆ రోజు ఇద్దరికీ వీక్లీ ఆఫ్. ఆయన గుమ్మంలోంచే అందుకున్నాడు. "ఏటి బావా, మీవోడు కంప్యూటర్‌కి సంతాపసభ పెడతన్నాడేటి?" నాన్న గోదావరి మర్యాద వదలకుండా, "లేదండి బావగారూ, వైద్యమేనండి. రోగి ఉంటాడో లేదో చూడాలి" అన్నారు.

ఆ మాటకి రోషమొచ్చి పుస్తకం మళ్లీ తిరగేశాను. చివర్లో, నేను చులకనగా వదిలేసిన అధ్యాయం ఒకటుంది: దుమ్ము, వేడి. గౌను మీద చెయ్యి వేస్తే ఇస్త్రీపెట్టెలా కాలింది! ప్లగ్గు పీకి గౌను విప్పబోతే అమ్మ అడ్డం పడింది. "ఒరేయ్, విప్పకురా, దుమ్ము పడిపోద్ది!" "లోపల ఊపిరాడక చస్తోందమ్మా," అని విప్పేసి, పక్క రేకు ఊడదీశాను. ఫ్యాను రెక్కలకి నల్లటి దుమ్ము పరుపులా పట్టేసి, వేడి బయటికిపోయే సందులన్నీ మూసుకుపోయాయి. రెక్కలు తిరక్కుండా వేలితో పట్టుకుని, నాన్న గడ్డం గీసుకునే బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టాను. వంగి చూస్తున్న మావయ్య ముఖం నిండా మసి. "ఓర్నాయనో! సగం ప్లాంటు ఇందులోనే ఉందేట్రా!"

రేకు బిగించి మీట నొక్కాను. ఇప్పుడు ఆరిపోతుందేమో, ఇప్పుడు ఆరిపోతుందేమో అంటూనే చెల్లి ఒక్కో కాలేజీ ఎక్కించింది. ఆరలేదు. ఆప్షన్లు ఖాయమయ్యాయన్న మాట తెరమీద పడగానే కుర్చీలోంచి ఒక్క గెంతు గెంతింది. మావయ్య నా వీపు చరిచి, "గట్టోడివేరా అల్లుడూ! పద, మా ఇంట్లో దానిక్కూడా సొక్కా ఇప్పేద్దాం!" అన్నాడు. ఆ సాయంత్రం బ్రష్షూ పంపూ పుచ్చుకుని వీధంతా దండయాత్ర చేశాను. ప్రతి ఇంట్లో ముందు ఉపన్యాసం, తర్వాత శుభ్రం, ఆపైన పకోడీలు. (నాన్న మర్నాడు కొత్త బ్రష్షు కొనుక్కున్నారు.)

ఇప్పుడు సిటీలో, సీతమ్మధారలో ఉంటున్నాను. ల్యాప్‌టాప్ వేడెక్కితే షాపులో ఇచ్చి, వాళ్లేం చెబితే దానికి తలూపి వస్తాను. ఒక్క పుస్తకం చదివినంత మాత్రాన లోకంలో దేన్నైనా విప్పి బాగుచేయగలనన్న ఆ కుర్రాడు ఇప్పుడొచ్చి తలుపు తడితే, లోపలికి పిలిచి కాఫీ ఇచ్చి, ఆ ఉపన్యాసం మొదటినుంచీ చివరిదాకా వింటాను. వద్దన్నా ఆపడు లెండి.