తువాలు కింద కుదిరిన కంప్యూటర్ చదువు

నిన్న కుప్పంలో మా ఇంటి వరండాలో కూర్చుని, ఒక చేత్తో బొరుగులు తింటూ ఇంకో చేతి బొటనవేలితో సెల్‌ఫోన్ మీద నొక్కి, మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్ ఎంచుకుంది. నీతో ఇంకెవరు చేరుతున్నారే అని అడిగితే, ‘ఎవురైతే ఏమత్తా?’ అని నవ్వేసింది. ఏళ్ల తరబడి ఈ ఊరి పిల్లలకు కంప్యూటర్ పాఠాలు చెప్పి ఈమధ్యే మానుకున్న నేను ఆ ధీమాకు మురిసిపోయాను గానీ, అంతకంటే ముందు నాకు మా నాయన భుజం మీది తువాలు గుర్తొచ్చింది.

ఎనభైల నడుమ నేను మదనపల్లెలో మా మేనత్త ఇంట్లో ఉండి డిగ్రీలో చేరాను. మా కాలేజీకి కంప్యూటర్ గ్రూపు వచ్చింది ఆ ఏడే. ఇష్టమైనవాళ్లు కెమిస్ట్రీ వదిలి అందులోకి మారవచ్చన్నారు. మనం చెప్పినట్టు లెక్కలు చేసే యంత్రం ఒకటి ఉందని విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదంటే నమ్మండి. అయితే చేరినవాళ్లంతా మగపిల్లలే. రామసముద్రం దగ్గర చెనక్కాయ సేద్యం చేసే మా నాయన నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, ‘ఆడ ఇంకొక ఆడబిడ్డ ఉండాదామ్మా?’ అని ఒక్కటే అడిగాడు. లేదని నేను చెబితే, ఉన్నప్పుడు చూద్దాంలెమ్మన్నాడు.

నా బెంచీలో కూర్చునే స్నేహితురాలిదీ ఇదే కథ. వాళ్ల నాన్నకు పుంగనూరులో గాజుల అంగడి. ఇంట్లో ఉర్దూ, అంగట్లో తెలుగు మాట్లాడే ఆయన్ని ఆమె ఏ భాషలో బతిమాలినా జవాబు మాత్రం ఒకటే, ఇంకో పిల్ల చేరితే నిన్నూ చేరుస్తానని. నేను చేరితే ఆమె, ఆమె చేరితే నేను! గ్రూపు మారే గడువు సోమవారంతో సరి. పెద్దవాళ్ల మీద మాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు.

ఇద్దర్నీ ఒకచోట కూర్చోబెడితే తప్ప తెమలదని తేల్చుకున్నాం. ఆ వారమే మా నాయన పుంగనూరు సంతలో కోడెల్ని అమ్మడానికి వచ్చాడు. నేను మదనపల్లె నుంచి బస్సెక్కి వచ్చి, అమ్మకు గాజులు కొందామని చెప్పి ఆయన్ని ఆ అంగడికి తీసుకుపోయాను. నా స్నేహితురాలు అప్పటికే తెరచాటున నిలబడి ఉంది. పెద్దవాళ్లిద్దరూ టీ తాగారు, వానల గురించి మాట్లాడుకున్నారు, చెనక్కాయ ధర గురించి మాట్లాడుకున్నారు. చివరికి నేనే సిగ్గు విడిచి కంప్యూటర్ మాట ఎత్తాను. మీ పాపను ముందు చేర్పించప్పా అని ఆయన, కాదు ముందు మీ పాప చేరనీ భాయ్ అని మా నాయన. ఎంతో మర్యాదగా నా చదువు అక్కడే ఆగిపోయింది.

అంగడాయన గాజులు తొడుగుతూ మధ్యలో వదిలేసిన ఒక ముసలమ్మ, సగం నిండిన చెయ్యి చాపుకుని విసుక్కుంది. ‘మీరిద్దురూ ఇట్ల మొగాలు సూసుకుంటా కూసుంటే ఆ బిడ్డలు నా మాదిరి అయిపోతారప్పా!’

అంగడంతా నవ్వింది. మా నాయన నవ్వలేదు. భుజం మీది తువాలు తీసి అంగడాయన చేతి మీద కప్పి, దాని కింద తన చెయ్యి పెట్టాడు. సంతలో పశువుల బేరం అలాగే కుదురుతుంది. నోటితో ఎవరూ ముందు మాట జారరు, తువాలు చాటున వేళ్లు నొక్కి చెప్పుకుంటారు. నొక్కితే మాట ఇచ్చినట్టే, వెనక్కి పోవడం ఉండదు. ఇద్దరి మొహాల్లో ఏమీ కనబడలేదు. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి పకపకా నవ్వారు. ‘సోమారం పొద్దున్నే వస్తాండాం పో’ అన్నాడు మా నాయన. తెర వెనక నుంచి నా స్నేహితురాలు పెట్టిన కేకకు ముసలమ్మ చేతిలో ఒక గాజు చిట్లింది.

చెప్పులు బయట విడిచి ఆ చల్లటి కంప్యూటర్ గదిలోకి ఇద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని అడుగుపెట్టాం. ఆ ఏడు పరీక్షల్లో క్లాసులో మొదటి రెండు స్థానాలూ మావే. ఆ సంతోషంలో మా నాయన కంప్యూటర్‌ను తానే కనిపెట్టినట్టు ఊరంతా తిరిగాడు. మరుసటి ఏడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు మేము కూర్చున్న ముందు బెంచీలు చాలలేదు, ఇంకో వరస వేశారు. ఆ వరసను చూసి మేమిద్దరం పొందిన గర్వం ఇప్పటికీ నాలో అలాగే ఉంది.

పక్కన ఎవరున్నారని అడగాల్సిన పనిలేని కాలం రావాలనే కోరుకున్నాం. వచ్చింది. మా తమ్ముడి కూతురు ఒక్క వేలు నొక్కితే సరిపోయింది. అయినా తన కోసం ఇద్దరు పెద్దవాళ్లు ఒక తువాలు కింద చేతులు కలపడమంటే ఏమిటో ఆ పిల్లకు తెలియదే అని కొంచెం దిగులేసింది. ఆ రోజు ముందు నొక్కింది ఎవరని మేము ఎన్నిసార్లు అడిగామో. భాయే అనేవాడు మా నాయన. మీ నాయనే అనేవాడు ఆయన. చివరిదాకా ఇద్దరూ ఆ మాట మీదే ఉన్నారు.