సూరి కోసం వదిలిన ఖాళీ

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. మా ఇంట్లో ఎవరైనా నిన్న రాత్రి పెరట్లో ఏదో కనపడిందంటే, తిన్న పనసకాయ కూర అరిగిందో లేదో ముందు చూసుకోమనేదాన్ని. విజయనగరంలో ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు చెప్పేదాన్ని మరి. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను, ఆపైన మీ ఇష్టం.

అరవైల చివరి మాట. మా తమ్ముడు అప్పలస్వామి తబలా వాయించేవాడు. వాడి స్నేహితుడు డేనియలుది హార్మోనియం. చర్చిలో వాయించి వాయించి చెయ్యి తిరిగినవాడు, పాట పాడేదీ అతనే. మూడోవాడు మా పక్కింటి సూరి, వేణువు ఊదేవాడు. ముగ్గురూ శనివారం సాయంత్రాలు గంటస్తంభం దగ్గర అప్పారావుగారి కాఫీ హోటల్లో వాయించేవారు. గల్లాపెట్టె పక్కనున్న చెక్కబల్లే వాళ్ళ స్టేజి. ఇంత శ్రమకీ దక్కేది టిఫినూ కాఫీ. మా నాన్న దాన్ని ‘అట్ల కచేరీ’ అని వెక్కిరించేవారు.

సూరికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. తల్లి సన్యాసమ్మ కూరగాయలమ్మి వాణ్ణి పెంచింది. సూరి ఇంకా నడక నేర్వకముందే ఆవిడకి పెద్ద జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. మన పెదాల కదలిక చూసి మాట పట్టుకునేది. పైడితల్లమ్మ పండగలో కొడుకు మారాం చేస్తే వెదురు వేణువు కొనిపెట్టింది. దాని మోత ఎలా ఉంటుందో ఆవిడకి తెలియదు. వాడి మొహంలో సంతోషం చూడ్డమే ఆవిడ వినికిడి.

ఒక వర్షాకాలంలో సూరికి ఆయాసం ముదిరి, విశాఖపట్నం పెద్దాసుపత్రిలో పోయాడు. దగ్గరున్నది మా తమ్ముడే. తల్లి వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

వీధిలో నోళ్ళు ఊరుకుంటాయా? ఉబ్బసం పిల్లాడికి ఆ గొట్టం కొనిచ్చి తల్లే ప్రాణం తీసిందన్నారు. అదేం కాదని డాక్టరు చెప్పినా సన్యాసమ్మకి నమ్మకం కుదరలేదు. అన్నం సరిగా తినేది కాదు, ఏడ్చేది కూడా కాదు. కనపడినవాళ్ళందర్నీ కొడుకు గురించి ఒకటే అడిగేది. “ఆకర్న నా గుంటడికి ఊపిరాడినాదేటమ్మీ?” హాయిగా నిద్రలో పోయాడని మా తమ్ముడు చెప్పేవాడు. పెదాలు చూసి మాట పట్టేవాళ్ళ దగ్గర అబద్ధం నిలవదు. ఆవిడ వాడి నోటివంక కాసేపు చూసి తల తిప్పేసుకునేది.

మావాళ్ళకి సొంతంగా కట్టుకున్న పాట ఒకటుండేది. చంపావతి ఏట్లో నీళ్ళు వచ్చిన రోజున కట్టారు. ఒక్కో చరణం అయ్యాక వేణువు బిట్టు ఒకటి, అది పూర్తిగా సూరిది. సూరి పోయాక వేరేవాళ్ళని పెట్టుకోలేదు, బిట్టుని హార్మోనియం మీదా వాయించలేదు. ఆ జాగాని అలాగే ఖాళీగా వదిలేసేవారు. తబలా తన నడక తను నడుస్తుంది, డేనియలు శ్రుతి ఒక్కటి పట్టుకుని కూర్చుంటాడు, బిట్టు పట్టేంత సేపూ అయ్యాక తర్వాతి చరణం ఎత్తుకుంటాడు. మొదట్లో టిఫిను తినేవాళ్ళకి ఇది అర్థమయ్యేది కాదు. “ఏటి బావా, పాట మరిసిపోనావేటి?” అని ఎవరో కేక కూడా వేశారు. అప్పారావుగారు లోలోపల విసుక్కునేవారు.

సూరి సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకి సన్యాసమ్మ నన్నడిగింది.

“అమ్మీ, నా గుంటడు కూకున్న సోటు ఓపాలి సూపిస్తావేటే?”

ఆ శనివారం సాయంత్రం తీసుకెళ్ళాను. ఆడవాళ్ళు బయట కూర్చునే రోజులు కావు, మమ్మల్ని ఫ్యామిలీ రూములో కూర్చోబెట్టారు. పేరుకి రూము. ఒక బల్ల, రెండు కుర్చీలు, గుమ్మానికి ఆకుపచ్చ కర్టెను. వాయించేవాళ్ళకీ మాకూ మధ్య గోడ. వాళ్ళు మాకు కనపడరు, పాట మాత్రం వినపడుతుంది. నాకు వినపడుతుంది అనాలి. ఆవిడకి అదీ లేదు. ఇడ్లీ, కాఫీ తెప్పించాను. ఆవిడ ముట్టుకోలేదు. గ్లాసువంక చూస్తూ కూర్చుంది. ఎందుకు తీసుకొచ్చానా, పుండు మీద కారం చల్లినట్టయిందే అని నన్ను నేను తిట్టుకున్నాను.

రెండు మూడు పాటలయ్యాయి. ఆవిడలో కదలిక లేదు. తర్వాత వాళ్ళ సొంత పాట మొదలైంది. మొదటి చరణం అయ్యి ఖాళీ రాగానే సన్యాసమ్మ తలెత్తి, నన్ను మాట్లాడొద్దన్నట్టు అరచెయ్యి పైకెత్తింది. కళ్ళు కర్టెనువైపు. డేనియలు రెండో చరణం ఎత్తుకోగానే చెయ్యి దింపేసింది.

కాకతాళీయం అనుకున్నాను. నాలో సైన్సు టీచరు ఊరుకోదుగా. బల్ల అదురు చేతికి తెలుస్తుందేమోనని నా అరచెయ్యి బల్ల మీద ఆనించాను. తబలా దెబ్బ సన్నగా తెలుస్తోంది. కాని చరణంలో ఎలా ఉందో ఖాళీలోనూ అలాగే ఉంది, తేడా ఏమీ లేదు. పైగా ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. కర్టెనుకి సందు లేదు, గోడకి అద్దం లేదు. నా మొహం చూసి పసిగడుతోందేమో అని మొహం పక్కకి తిప్పుకుని, ఓరకంట చూస్తూ కూర్చున్నాను.

రెండో ఖాళీ వచ్చింది. చెయ్యి లేచింది. ఖాళీ అయిపోయింది. చెయ్యి దిగింది.

మూడో చరణం తర్వాత కూడా చెయ్యి లేచింది. ఇంతలో బయటనుంచి నేనెన్నడూ విననిది వినపడింది. ఆ ఖాళీలో హార్మోనియం మోగుతోంది. వారం వారం ఈ మౌనవ్రతమేమిటి, కానివ్వవోయ్ అన్నట్టు అప్పారావుగారు సైగ చేశారట, డేనియలు మొహమాటపడి వాయించేశాడట. అది తర్వాత తెలిసింది. గదిలో ఉన్న నాకు తెలిసింది ఒక్కటే. హార్మోనియం అలా మొదలయ్యిందో లేదో, సన్యాసమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మొహం చిన్నబోయింది.

“ఆపీసినాడమ్మీ. ఎవులో అడ్డొచ్చీసినారు.”

ఆవిడ గడ్డం పట్టుకుని నావైపు తిప్పుకుని, ఒక్కో మాటా పెదాలతో విడదీసి అడిగాను. ఎవరు ఆపేశారు పెద్దమ్మా, అన్నాను.

“నా గుంటడే. ఇందాకట్నించి ఊదతన్నాడు కాదేటి.”

వాడి వేణువు నువ్వెప్పుడూ వినలేదు కదా, వాడేనని ఎలా తెలిసింది, అన్నాను.

ఆవిడ నావంక జాలిగా చూసింది, తెలివితక్కువ పిల్లని చూసినట్టు.

“పాట నాకేటి తెలస్తాదే? ఊపిరి తెలస్తాది. రేత్రుల్లు ఆడి గుండె మీద సెయ్యేసుకోని పెంచినాను. ఏ ఊపిరి ఎక్కడ పట్టీసేదో నాకు తెల్దేటి? ఇప్పుడు యెక్కడా పట్టీనేదమ్మీ. ఆ పిల్లికూతల్నేవు, ఏటీనేదు. సుకంగా ఊదతన్నాడు.”

అంటూనే ఏడ్చింది. కొడుకు పోయాక ఆవిడ ఏడవడం నేను చూసింది అదే మొదలు. కర్టెను బయట టిఫిన్ల గోలలో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు. నేను ఆవిడ వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను. తర్వాత పైటతో మొహం తుడుచుకుని, చల్లారిన ఇడ్లీలు రెండూ తినేసి, కాఫీ తాగింది. పంచదార తక్కువైందని వంక కూడా పెట్టింది.

సంగతి చెప్తే డేనియలు హార్మోనియం మూసేసి, దాని మీద తలవాల్చి కూర్చుండిపోయాడు. అప్పారావుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. ఆ పాట పాడినంత కాలం ఆ ఖాళీని మళ్ళీ ఎవరూ నింపలేదు. సన్యాసమ్మ కూడా ఆ ప్రశ్న మళ్ళీ ఎవర్నీ అడగలేదు.

నేను ఊరుకోలేదు. తర్వాతోసారి ఆవిడ వెనక నిలబడి ఇత్తడి పళ్ళెం నేలకేసి కొట్టాను. మా పిల్లి అటకెక్కింది కాని ఆవిడ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే ఉంది. ఆ పాట ఆవిడకి ముందే తెలుసా అని తమ్ముణ్ణి నిలదీశాను. చెవులు లేని మనిషికి తాళం లెక్క ఎవరు చెప్తారక్కా, అన్నాడు. ఇంకెవరైనా ఏదైనా విన్నారా అని హోటల్లో వాకబు చేశాను. ఎవరూ లేరు.

ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాను. గాలి అదిరితేనే శబ్దం, ఆ అదురు చెవిని చేరితేనే వినికిడి అని బోర్డు మీద బొమ్మ గీసి చూపించాను. ఆ పాఠంలో తప్పేమీ లేదు, ఈనాటికీ అదే చెప్తాను. కాని ఆ సాయంత్రానికి అది అతకదు. ఎలా అతికించాలో నాకు తెలియదు.

ఆ గదిలో చెవులు బాగున్న మనిషిని నేనే. ఏమీ వినపడనిదీ నాకే.