గోనెసంచి వాసన వచ్చిన పీపా

నిన్నటి వానకు ఇప్పుడు మేముంటున్న మౌంట్ ఆల్బర్ట్‌లో మా గరాజ్‌లోకి నీళ్ళొచ్చి, గోడవార పెట్టిన రెండు బియ్యం బస్తాల్లో ఒకటి తడిసింది. తలుపు తీయగానే తడి గోనెసంచి వాసన గుప్పుమంది. ఎవరికైనా విసుగు పుట్టించే వాసనే. నాకు మాత్రం రూత్ గుర్తొచ్చింది.

రెండువేల అయిదో ఆరో. అప్పుడు మా ఆయన ఉద్యోగం ద్రాక్షతోటల సీమ హాక్స్ బేలో. అక్కడ పాత ఏటి గర్భంలో, మట్టికంటే గులకరాళ్ళే ఎక్కువున్న నేలలో ద్రాక్ష పండించి రూత్ ఎర్ర వైన్ చేసేది. అరవై దాటిన మనిషి. పేరు పెట్టి పిలవమంటే నాకు చాలారోజులు నోరు రాలేదు. వైన్ తయారయ్యే చోటు చూడ్డానికి వచ్చేవాళ్ళకు రుచికి కాస్త కాస్త పోసి, వివరాలు చెప్పే పని నాకిచ్చింది. తెనాలిలో దగ్గుమందు తప్ప మరోటి ఎరగని నాకు! “మీ అమ్మకు తెలిస్తే ముందు నా పని పడుతుంది,” అని మా ఆయన ఒకటే నవ్వు.

మొదటిరోజు రూత్ గ్లాసు అందించింది. పరాయివాళ్ళ గ్లాసు ఎంగిలి చేయకూడదని, అలవాటు కొద్దీ ఎత్తి, పెదవికి తగలకుండా గొంతులో పోసుకున్నాను. పక్కనున్న పనివాళ్ళు పకపకా నవ్వారు. రూత్ నవ్వలేదు. ఎందుకలా అని అడిగి, తెలుసుకుని, తనూ అలాగే ఎత్తి పోసుకుంది. తెల్లచొక్కా అంతా ఎరుపైపోయింది.

“కష్టమైన విద్యే,” అంది తుడుచుకుంటూ. “కానీ ఇలా తాగితే ముక్కు పస్తుంటుంది కదమ్మాయ్. ముందు దానికి పెట్టు.”

గ్లాసులో ముక్కు పెట్టాను. నేరేడు పళ్ళు, నూరిన మిరియాలు, వాన పడ్డ రాళ్ళు. ఆ ఎండు రాళ్ళలోంచి ఇంత పరిమళమా! ఆ రోజునుంచీ ప్రతి గ్లాసుకీ రూత్ అడిగేది ఒక్కటే: “నీకేం వాసన వస్తోంది?” తప్పొప్పులు చెప్పేది కాదు. వినేది, అంతే.

మరుసటి చలికాలం విషజ్వరం వచ్చి రూత్‌కు వాసన పూర్తిగా పోయింది. వైన్ చేసే మనిషికి అంతకంటే శాపం ఏముంది! సరిగ్గా అప్పుడే పీపాలన్నిట్లోదీ కలిపి ఆ ఏడాది వైన్ తయారుచేయాలి. కుండెడు పాలకు ఒక్క విషపుచుక్క చాలదూ? ఒక పీపా చెడ్డదైతే ఏడాది పంటంతా పోతుంది. రూత్ నన్ను వెంటబెట్టుకుని ఒక్కో పీపా దగ్గరా ఆగి వాసన చూడమంది. చివరిది, ఆవిడ భర్త పోయేముందు నాటిన తీగల తొలి పంట. దాన్లోంచి తీసిన గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాను.

“తడి గోనెసంచి వాసన,” అన్నాను, వినీ వినపడకుండా.

“ఆ సంచి వాసనేమిటో మాకెవరికీ తెలీదు. దీన్నెలా వదిలేస్తావు రూత్?” అన్నాడు గ్రెగ్, పీపాలు చూసుకునే పెద్దాయన.

రూత్ ఆ పీపా మీద చేయి వేసింది. “ఇది కలపొద్దు,” అంది.

వసంతంలో ఆవిడకు వాసన తిరిగొచ్చింది. నేరుగా ఆ పీపా దగ్గరికి వెళ్ళి వాసన చూసింది. “గోనెసంచి అంటే ఇదన్నమాట,” అంది.

“ఆ రోజు నేను పొరబడి ఉంటే?” అని అడిగాను.

“ఒక పీపా పోయేది. నిన్ను నమ్మకపోతే నువ్వు మళ్ళీ నోరు విప్పేదానివి కాదు.”

అంత పెద్ద మనసును నేను అంత దగ్గరగా మళ్ళీ చూడలేదు.

నిన్న తడిసిన బస్తా పారేసి, పొడిగా ఉన్నదాన్ని విప్పాను. మా అమ్మాయి తొంగి చూసి, “అమ్మా, ఇది కూడా స్మెల్ వస్తోంది, చాక్‌పీస్‌లాగా,” అంది. ముక్కు పెట్టి చూశాను. మళ్ళీ చూశాను. నాకు ఏ వాసనా రాలేదు.

ఆ బస్తా కూడా పక్కన పెట్టేశాను.