లేసు కట్టు, సూస్తాను

మా మేనమామ పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను విజయనగరంలో మా వంటింట్లో పప్పు కడుగుతున్నాను. "బాత్రూంలో జారి పడ్డార్ట, పెద్దవయసు కదా" అన్నారు ఫోనులో. నేను నమ్మలేదు. మావకి అరవై మూడేళ్ళు, అదేం పెద్దవయసు? పైగా ఆయన జారడం ఆ రోజు మొదలైంది కాదు. కొన్నేళ్ళుగా గోడ పట్టుకుంటూ, మా కంట పడకుండా జారుతూనే ఉన్నాడు. తడి గచ్చు మీద నేరం మోపడం అందరికీ సులువుగా ఉందని నా అనుమానం. ఈ అనుమానించే గుణం కూడా నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చింది.

మావ బాక్సర్. ఆటల కోటాలో ఉద్యోగం వచ్చింది. అయినా సాయంత్రమైతే కంటోన్మెంట్ వైపున్న రేకుల షెడ్డులో బాక్సింగ్ నేర్పేవాడు. మా ఆయన చెయ్యి తిరిగింది కూడా ఆ షెడ్డులోనే. మా పెళ్ళి కుదిర్చింది మావే. "ముక్కు ఇరిగినోడే గానీ మంచోడే" అని సిఫార్సు చేసాడు.

ఆయన ఎవర్నీ ఎలా ఉన్నావని అడిగేవాడు కాదు. షెడ్డుకి వచ్చిన ప్రతి పాత బాక్సర్నీ గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, బూట్లు ముందు పెట్టి, "లేసు కట్టు, సూస్తాను" అనేవాడు. వేళ్ళు తడబడితే ఆ రోజుకి గ్లోవ్స్ లేవు. నలభై దాటినవాడికి ఇసక బస్తా, స్కిప్పింగ్ తాడు, అంతే. ఎదురుగా మనిషిని నిలబెట్టేవాడు కాదు. "బాగున్నానన్నోడిని నమ్మకే అమ్మీ. దెబ్బలు తిన్న బుర్రే కదా ఆ మాట సెప్తన్నాది" అన్నాడు నాతో ఒకసారి.

మా ఊళ్ళో ఒక అలవాటుంది. జాతరకి ముందు పాత బాక్సర్లంతా చేరి మూడేసి రౌండ్లు ఆడి చూపిస్తారు. ఊరికే సరదాకే అంటారు. తలకి హెడ్‌గార్డు పెట్టుకోరు, పెట్టుకుంటే ఫ్లెక్సీలో మొహాలు కనబడవట. జనం ఈలలు వేసేసరికి సరదా కాస్తా నిజం దెబ్బలవుతుంది. ఆఖర్న శాలువా కప్పి, టీ తాగించి ఇంటికి పంపుతారు. యాభై దాటేదాకా మావ కూడా ఏటా ఆడాడు. ఆయనతో ఆడిన ఒకాయన శృంగవరపుకోట వెళ్దామని బయల్దేరి, ఏ ఊరెళ్ళాలో మరిచిపోయి బస్టాండులో కూర్చుండిపోయాడు. అది తెలిసాక మావ మానేసాడు, లేసు కట్టించి చూడడమూ అప్పుడే మొదలెట్టాడు. విశాఖపట్నంలో నరాల డాక్టరుకి చూపించుకుని వచ్చి, "పోయింది రాదట. కొత్త దెబ్బ పడకండా సూసుకోడవే మందట" అని జాతర కమిటీ వాళ్ళ ఇళ్ళచుట్టూ తిరిగి చెప్పాడు. ఆ ఆట ఆపమని బతిమాలాడు.

అప్పటికే ఆలస్యమైంది. ఆయనలో ఇంకో రకం అనుమానాలు మొదలయ్యాయి. కళ్ళజోడు అత్త దాచేసిందనేవాడు. పాలల్లో ఎవరో ఏదో కలుపుతున్నారనేవాడు. నేను కాఫీ ఇస్తే, ముందు నన్నొక గుక్క తాగమనేవాడు. చిన్నప్పుడు నన్ను భుజానెక్కించుకుని రామతీర్థం కొండెక్కిన మనిషి ఆయన. కోపం వచ్చేది, ఏడుపూ వచ్చేది. కమిటీ వాళ్ళకి మాత్రం మంచి వంక దొరికింది. "మాస్టారికి అనుమానం జబ్బమ్మా, ఆరి మాటలు పట్టించుకోకండి" అన్నారు. కళ్ళజోడు గురించి అన్నదాన్నీ తలదెబ్బల గురించి అన్నదాన్నీ ఒకే గాటన కట్టేసారు. ఏది జబ్బు మాటో, ఏది మావ మాటో విడదీయడం ఒక్కోసారి నాకూ చేతకాలేదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక ఆ కమిటీ పెద్దమనిషే వచ్చాడు. తెల్లచొక్కా, మొహంలో దిగులు. ఆ దిగులు మీద నాకు నమ్మకం కలగలేదు. "ఈ ఏడు ఆట మాస్టారి పేరు మీద పెడదాం. ఆరి అల్లుడివి, ముందు నువ్వే దిగాల" అన్నాడు మా ఆయనతో. మా ఆయనకి నలభై ఆరు. ఈమధ్య పొద్దున్న చెప్పిన కబురే సాయంత్రం మళ్ళీ కొత్తగా చెప్తున్నారు. స్టవ్ ఆపలేదేమని అడిగితే నామీద విసుక్కుంటున్నారు.

"మూడు రౌండ్లే కదా, ఏటవుతాది. నాను బాగున్నాను" అన్నారు. మావ నన్ను నమ్మొద్దన్న మాట అదే.

అత్త లేచింది. బయటికెళ్ళి, మా ఆయన విడిచిన బూట్లు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. "మీ మావుంటే ఇదే అడిగీవోరు. లేసు కట్టు బాబూ, సూస్తాను" అంది.

ఆయన నవ్వుతూ కూర్చుని కుడి బూటు కట్టారు. చక్కగానే కట్టారు. తరవాత ఆ ముడి విప్పి, మళ్ళీ ఆ బూటే కట్టడం మొదలెట్టారు. ఎడమ బూటు లేసులు నేల మీద అలాగే పడి ఉన్నాయి. కమిటీ పెద్దమనిషి నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగాడు. రెండోసారి ముడి వేసాక మా ఆయన ఎడమకాలి వైపు చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు.

"నా పేరు రాయకండి. నాను దిగను" అన్నారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. మావకి చెప్పినట్టే మాకూ చెప్పారు, ఇకమీదట తలకి దెబ్బ తగలకూడదని. ఊళ్ళో ఆ ఆట మానేస్తామని కమిటీ వాళ్ళు కబురంపారు. నేను నమ్మలేదు, జాతరనాడు వెళ్ళి నా కళ్ళతో చూసుకుంటాను. నా ఇంటి మనిషిని కాపాడుకునే వీలుండగానే, జబ్బు పోల్చుకోడం ఎలాగో నాకు చూపించి వెళ్ళాడు మావ. అందుకు ఆయనకి రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను.

పొద్దున్నే నడకకి వెళ్ళేముందు మా ఆయన గుమ్మంలో కూర్చుంటారు. నేను బెండకాయలు తరుగుతున్నట్టు కూర్చుని ఓరగా చూస్తుంటాను. ఆయనకి ఆ సంగతి తెలుసు. ముందు ఎడమకాలు నా వైపు తిప్పి, వెలుతురులో పెట్టి, నాకు కనబడేలా నెమ్మదిగా ముడి వేస్తారు.